తుంటి ఆపరేషనుకు వచ్చిన వృద్ధులకు మతి తప్పితే: ముందే చెప్పాలి, పూటపూటా చూడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. తుంటి ఎముక విరిగిన వృద్ధులకు ఆపరేషను చేసే ముందు కుటుంబ సభ్యుల చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రంలో గుండెపోటు, రక్తస్రావం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, కోత చీము పట్టడం, మత్తు వికటించడం వంటి ప్రమాదాలన్నీ వరుసగా రాసి ఉంటాయి. నా ఉద్యోగ కాలంలో నేను చూసిన పత్రాల్లో చాలావాటిలో లేనిది, ఆ వయసు వారిలో మాత్రం పై ప్రమాదాల్లో చాలావాటికంటే ఎక్కువగా ఎదురయ్యేది మరొకటి ఉంది. ఆపరేషనుకు ముందో, తరువాతి రెండు మూడు రోజుల్లోనో మనిషికి ఉన్నట్టుండి మతి తప్పుతుంది. వైద్యులు డెలీరియం అంటారు, ఇళ్ళలో పెద్దవాళ్ళు సంధి అంటారు. ఎముకల వార్డులో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఈ సంగతి కుటుంబానికి ముందుగా చెప్పడం, జ్వరం చూసినంత మామూలుగా ప్రతి డ్యూటీలోనూ రోగి మతిని పరీక్షించి చార్టులో రాయడం అనే రెండు పనులు ఇంకా అన్నిచోట్లా అలవాటు కాలేదన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

డెలీరియం, డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఒకటి కావు. డిమెన్షియా నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుంది. డెలీరియం గంటల్లోనో, మహా అయితే రెండు మూడు రోజుల్లోనో మొదలై, ఒకే రోజులో హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. దీనిలో మొదట చెడేది జ్ఞాపకం కాదు, ధ్యాస. మనం అడిగే ప్రశ్న సగంలో ఉండగానే వారి చూపు ఎటో వెళ్ళిపోతుంది, చెప్పబోయిన జవాబు మధ్యలో మరో విషయంలోకి జారుతుంది. నిన్నటి దాకా ఇంటి లెక్కలు తానే చూసుకున్న మనిషి ఈ రాత్రి సెలైన్ స్టాండును చూసి ఎవరో వచ్చి నిలబడ్డారని మాట్లాడతాడు, దుప్పటి అంచును వేళ్ళతో అదేపనిగా పీకుతాడు, బస్సు దాటిపోతుందని చెప్పి విరిగిన కాలితోనే మంచం దిగబోతాడు. డిమెన్షియా ఉన్నవారికి డెలీరియం వచ్చే అవకాశం మరీ ఎక్కువ కనుక ఒకే మనిషిలో రెండూ కలిసి ఉండడం కూడా సాధారణమే. అలాంటప్పుడు 'ఆయన ముందునుంచీ ఇంతే' అన్న ఒక్క మాటతో కొత్తగా వచ్చిన మార్పును తోసిపుచ్చడం చాలా తేలిక.

ఎంతమందికి వస్తుందన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పలేం. ముందుగా నిర్ణయించుకుని చేయించుకునే తుంటి మార్పిడిలో ఇది తక్కువ, పడిపోయి ఎముక విరిగి వచ్చినవారిలో చాలా ఎక్కువ. నొప్పి, రక్తం పోవడం, పడిపోయిన చోటే గంటల తరబడి నీళ్ళు లేకుండా ఉండిపోవడం, అనుకోకుండా ఆసుపత్రి పాలవడం అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడతాయి గనుక అది సహజం. వెన్నులో ఇచ్చే మత్తును, పూర్తి మత్తును పోల్చుతూ అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మంది రోగుల మీద జరిగి 2021లో వెలువడిన రీగెయిన్ అధ్యయనంలో ఇంచుమించు ప్రతి అయిదుగురిలో ఒకరికి డెలీరియం వచ్చింది. అదే ప్రశ్నతో చైనాలో 950 మంది మీద జరిగిన రాగా అధ్యయనంలో ఆ సంఖ్య 6 శాతం దరిదాపుల్లోనే ఉంది. ఎవరిని అధ్యయనంలో చేర్చుకున్నారు, ఎలా వెతికారు అన్నదాన్ని బట్టి అంకె ఇంతగా మారుతుంది. వెతకని వార్డులో డెలీరియం ఉండదు, ఎందుకంటే అక్కడ ఎవరూ దాన్ని రాయరు.

ఆ రెండు అధ్యయనాలూ తేల్చిన మరో విషయం ఇక్కడ చెప్పడం అవసరం. వెన్నులో మత్తు ఇచ్చినా, పూర్తి మత్తు ఇచ్చినా డెలీరియం రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 'వెన్నులో ఇస్తే మతి చెడదట, అదే ఇవ్వండి' అని బంధువులు మత్తు డాక్టరుతో వాదించే వాదనలు నేను ఎన్నో విన్నాను. ఆ శక్తిని నాన్నగారి కళ్ళద్దాలు, చెవి మిషను ఇంటి నుంచి తెప్పించడానికి వాడితే ఎక్కువ ఫలితం ఉండేదని అప్పుడూ అనిపించేది, ఇప్పుడూ అనిపిస్తుంది.

డెలీరియం అనగానే కేకలు వేసే, సూదులు పీక్కునే రోగి మన కళ్ళ ముందు మెదులుతాడు. అతని వల్ల వార్డంతా మేలుకుంటుంది, డాక్టరు పరుగున వస్తాడు, కనుక అతని సంగతి ఎవరికీ తెలియకుండా పోదు. నా అసలు బెంగ రెండో రకం గురించి. మనిషి మగతగా, చప్పుడు లేకుండా, గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటాడు. గ్లాసు నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి మూడోది నోట్లోనే ఉంచుకుంటాడు. వృద్ధుల్లో ఈ నిశ్శబ్ద రకమే ఎక్కువగా మన కంట పడకుండా పోతుంది, దీని ఫలితాలు గొడవ చేసే రకం కంటే మెరుగ్గా ఏమీ ఉండవు. అయినా చార్టులో ఆ పూటకు రాసే మాట 'రోగి ప్రశాంతంగా నిద్రపోతున్నారు' అని.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆపరేషను అయిన మరుసటి రోజు ఒక మామ్మగారు పొద్దుటి నుంచీ అలాగే పడుకుని ఉన్నారు. రాత్రి డ్యూటీ వారు రాసిపెట్టిన మాట అదే, ప్రశాంతంగా ఉన్నారని. కూతురు మాత్రం మంచం పక్కనే నిలబడి, 'మా అమ్మ ఇలా ఉండదండీ, ఎవరైనా వస్తే ముందు కూర్చోమంటుంది' అని పదే పదే అంటోంది. 'మామ్మగారూ, వారాల పేర్లు వెనక్కి చెప్పండి, శనివారం, శుక్రవారం, తరువాత?' అని అడిగితే ఆవిడ 'గురు...' అని ఆగిపోయి, నా చేతి గడియారం వైపు చూస్తూ ఉండిపోయారు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బిగదీసుకుని ఉంది. తెల్లవారుజామున మూత్రం గొట్టం తీసేసిన తరువాత ఆవిడ మూత్రానికి వెళ్ళనేలేదని, ఆ సంగతి ఎవరూ గమనించలేదని అప్పుడు తెలిసింది. గొట్టంతో మూత్రం తీసేసి, సోడియం పరీక్షకు పంపి, నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించారు. సాయంత్రానికి పూర్తిగా కోలుకున్నారని చెప్పను గాని, కూతుర్ని పేరు పెట్టి పిలిచి కళ్ళజోడు ఎక్కడ పెట్టావని అడిగారు. 'మా అమ్మ ఇలా ఉండదు' అన్న ఆ మాటకు వార్డులో ఒక పరీక్ష ఫలితానికి ఉన్నంత విలువ ఉండాలి.

డాక్టర్లు రౌండ్లకు వచ్చేది పొద్దున. డెలీరియం ముదిరేది సాయంత్రం, రాత్రి. రాత్రంతా ఎవరెవరినో పిలుస్తూ గడిపిన రోగి తొమ్మిది గంటలకు డాక్టరుగారికి నమస్కారం పెట్టి, పేరు చెప్పి, బాగున్నానంటాడు. రాత్రి తోడున్న కొడుకు జరిగింది చెప్పబోతే అతనికే నిద్ర చాలక ఏదో అంటున్నాడనుకుంటారు. ఈ జబ్బు గుర్తింపులో మొదటి ప్రశ్న 'హఠాత్తుగా మార్పు వచ్చిందా, హెచ్చుతగ్గులు ఉన్నాయా' అన్నదే అయినప్పుడు, ఒక్క పూట చూసినవారు దానికి జవాబు చెప్పలేరు. అందుకే పూటపూటా చూసి రాయాలంటున్నాను.

అలా చూడడానికి స్కానింగులు అక్కర్లేదు. షారన్ ఇనోయే బృందం 1990లో రూపొందించిన క్యామ్ పద్ధతి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అంతకంటే త్వరగా అయ్యేది ఫోర్ ఏటీ అనే పరీక్ష. రోగి మెలకువగా ఉన్నాడా మగతగా ఉన్నాడా చూడడం, వయసు, పుట్టిన తేదీ, ఇప్పుడున్న చోటు, నడుస్తున్న సంవత్సరం అడగడం, నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమనడం, ఇటీవల హఠాత్తు మార్పు ఉందేమో బంధువులను, చార్టును బట్టి తెలుసుకోవడం, ఇంతే. మొత్తం 12 మార్కుల్లో 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డెలీరియం ఉండవచ్చని భావించి డాక్టరును పిలవాలి. రెండు నిమిషాల పని. బడికి వెళ్ళని పెద్దవాళ్ళకు నెలల పేర్లు వెనక్కి చెప్పడం ఆరోగ్యంగా ఉన్నప్పుడూ కష్టమే కనుక, ఆపరేషనుకు ముందే ఒకసారి అడిగి, ఎంతవరకు చెప్పగలిగారో రాసిపెట్టుకోవాలి. ఆ తొలి లెక్క చార్టులో లేకపోతే మూడో రోజున దేనితో పోల్చి చూస్తాం?

వచ్చిందని తెలిశాక చేయవలసింది కారణాలు వెతకడం, అవి తరచుగా ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. రక్తంలో ఆక్సిజన్, సోడియం, చక్కెర, రక్తహీనత, ఊపిరితిత్తుల్లోనో మూత్రంలోనో ఇన్ఫెక్షన్, ఆగిపోయిన మూత్రం, రోజుల తరబడి కాని విరేచనం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందులు, ఉన్నట్టుండి ఆపేసిన మందులు లేక మద్యం, ఇవన్నీ చూసుకుంటూ రావాలి. వృద్ధులకు ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. మతి తప్పడమే ఆ జబ్బుకు మొదటి గుర్తు కావచ్చు.

నొప్పి విషయంలో మన వార్డుల్లో ఒక అపోహ స్థిరపడిపోయింది. మార్ఫిన్ జాతి మందులు ఇస్తే ముసలివాళ్ళకు మతి పోతుందని భయపడి అసలు నొప్పి మందే తగ్గించేస్తారు. ఎక్కువైతే ప్రమాదమన్నది నిజమే. కానీ 2003లో మారిసన్ బృందం ప్రచురించిన పరిశీలనలో, తుంటి విరిగినవారిలో మరీ తక్కువ నొప్పి మందు అందినవారికే డెలీరియం ఎక్కువగా వచ్చినట్టు తేలింది. విరిగిన ఎముకతో కదిలిన ప్రతిసారీ పడే బాధ మెదడును వదిలిపెట్టదు. పారాసిటమాల్ వేళ తప్పకుండా ఇవ్వడం, వచ్చిన వెంటనే తొడ పైభాగంలో నరాలకు మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం వల్ల మార్ఫిన్ అవసరం బాగా తగ్గుతుంది. మార్ఫిన్ జాతిదే అయిన పెథిడిన్‌ను మాత్రం ఈ వయసు వారికి ఇవ్వకపోవడమే మేలు. అలర్జీకీ దురదకూ ఇచ్చే పాత తరం మందులు, మూత్రాశయాన్ని నెమ్మదింపజేసే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు కూడా మతిని కలతపెట్టేవే.

ఆపరేషను ఆలస్యం కావడం మరో కారణం. 17 దేశాల్లో 2,970 మంది మీద జరిగి 2020లో వెలువడిన హిప్ అటాక్ అధ్యయనంలో, ఎముక విరిగిందని తేలాక ఆరు గంటల ప్రాంతంలో ఆపరేషను చేసినవారికి, ఒక రోజు ప్రాంతంలో చేసినవారికి మధ్య మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు గాని, డెలీరియం మాత్రం 12 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. అంత వేగం అన్నిచోట్లా సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. సాధ్యమైనది ఒకటుంది. ఆపరేషను పొద్దున అని రాత్రి నుంచి గొంతు తడపకుండా ఉంచి, మధ్యాహ్నానికి వాయిదా వేసి, సాయంత్రం రేపు అని చెప్పడం మానవచ్చు. ప్రత్యేక కారణమేదీ లేనివారు ఘనాహారం ఆరు గంటల ముందు ఆపినా, మామూలు మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా తాగవచ్చని మత్తు వైద్యుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. 'ఏమీ పెట్టకండి' అన్న బోర్డు మంచానికి తగిలించినవారే, వాయిదా పడగానే దాన్ని తీసే బాధ్యత కూడా తీసుకోవాలి.

దీన్ని ముందుగానే ఆపగలమా అంటే, అందరిలోనూ కాకపోయినా చాలామందిలో ఆపగలం. ఎడ్వర్డ్ మార్కంటోనియో బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో తుంటి విరిగిన 126 మందిలో సగంమందికి మామూలు చికిత్సతో పాటు వృద్ధవైద్య నిపుణుడు ఆపరేషనుకు ముందు గాని, తరువాత 24 గంటల్లోపు గాని వచ్చి, ఆపైన రోజూ చూసి సలహాలు ఇచ్చారు. మామూలు చికిత్సలో 50 శాతం మందికి డెలీరియం వస్తే, సలహా అందినవారిలో 32 శాతం మందికే వచ్చింది. తీవ్రమైన డెలీరియం 29 శాతం నుంచి 12 శాతానికి పడిపోయింది. అక్కడ కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఆక్సిజన్, నీరు, నొప్పి, మూత్రం, విరేచనం, మందుల ఏరివేత, లేపి కూర్చోబెట్టడం, అన్నీ మనకు తెలిసిన పనులే, కాకపోతే ఒకరు వెంటపడి చేయించారు. మందుతో ముందే ఆపే ప్రయత్నం కూడా జరిగింది. నెదర్లాండ్స్‌లో 2005లో వెలువడిన అధ్యయనంలో తుంటి ఆపరేషను రోగులకు కొద్ది మోతాదులో హాలోపెరిడాల్ అనే మానసిక వైద్యపు మందు ముందుగా ఇచ్చి చూస్తే, వచ్చినవారిలో తీవ్రత, వ్యవధి తగ్గాయి గాని, వచ్చేవారి సంఖ్య తగ్గలేదు.

కుటుంబం చేయగలిగింది చాలా ఉంది, అందుకే ముందే చెప్పాలని ఇంతగా అడుగుతున్నాను. కళ్ళద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్ళు ఆపరేషను థియేటరు నుంచి రాగానే తిరిగి పెట్టాలి. చెవి వినబడక, చూపు ఆనక చీకట్లో మేలుకున్న మనిషికి మతి స్థిరంగా ఉండమంటే ఎలా ఉంటుంది? గదిలో గడియారం కనబడాలి. పగలు కిటికీ తెరిచి ఉంచి, రాత్రి దీపాలు తగ్గించాలి. బాగా తెలిసిన ఒకరిద్దరు మాత్రమే వంతులవారీగా పక్కన ఉండి, 'నాన్నా, ఇది ఆసుపత్రి, కాలికి ఆపరేషను అయింది, నేను పక్కనే ఉన్నాను' అని ఓపికగా చెబుతుండాలి. గోడ మీద పాములున్నాయంటే లేవని వాదించనక్కర్లేదు, ఉన్నాయని ఒప్పుకోనూ అక్కర్లేదు. భయం తీరేలా చెయ్యి పట్టుకుని మాట మార్చితే చాలు. పరామర్శకు పదిమంది ఒక్కసారే వచ్చి 'నేనెవరో చెప్పు చూద్దాం' అని పరీక్షలు పెట్టడం మాత్రం దయచేసి మానాలి.

ఇక గాజుగుడ్డతో చేతులను మంచం కడ్డీలకు కట్టేయడం. రోగి సూది పీక్కుంటున్నాడని చేస్తారు, రాత్రి ఒక్క నర్సు ముప్పై మంచాలు చూస్తున్నప్పుడు ఎందుకు చేస్తారో నాకు అర్థం కాకపోలేదు. కానీ కట్టిన చెయ్యి ఆందోళనను పెంచుతుంది, పెనుగులాటలో మణికట్టు ఒరుసుకుపోతుంది, కదలిక లేక ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. దానికి బదులు ముందు అడగవలసింది, ఆ సూది, ఆ మూత్రం గొట్టం ఇంకా అవసరమా అన్నది. అవసరం తీరిన గొట్టాన్ని తీసేస్తే పీక్కోవడానికి ఏమీ ఉండదు. నిద్ర ఇంజెక్షన్‌తో పడుకోబెట్టడం కూడా ఇలాంటిదే. మద్యం గాని నిద్రమాత్రలు గాని అలవాటుండి హఠాత్తుగా ఆగినవారి విషయం వేరు, వారికి ఆ జాతి మందు చికిత్సే. మిగతావారిలో అది గొడవను నిశ్శబ్దంగా మార్చుతుంది, డెలీరియాన్ని తగ్గించదు. తనకో పక్కవారికో హాని చేసుకునే స్థితిలో, మిగతావేవీ పనిచేయనప్పుడు, అతి తక్కువ మోతాదులో, కొద్ది రోజులకే మందు వాడాలన్నది నిపుణులు చెప్పే మాట.

ముందే చెబితే బంధువులు భయపడి ఆపరేషనే వద్దంటారని కొందరు వైద్యులు అంటారు. గుండె ఆగిపోవచ్చని రాసిన కాగితం మీద సంతకం పెట్టినవారు దీనికి వెనుకాడతారని నేను అనుకోను. ముందు తెలియని కుటుంబం మూడో రోజున 'మత్తు ఎక్కువిచ్చి మా నాన్నను పిచ్చివాణ్ణి చేశారు' అని డాక్టరుతో తగవుకు దిగడం, ముందు తెలిసిన కుటుంబం 'మీరు చెప్పినట్టే అయింది, ఇప్పుడేం చేద్దాం' అని అడగడం, రెండూ నేను చూశాను. తీరిక లేదన్న అభ్యంతరం మాత్రం నిజమైనదే, దాన్ని నర్సుల ఓపిక మీదకు నెట్టేయడం న్యాయం కాదు. అయినా డెలీరియం వచ్చిన రోగి ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉంటాడు, మళ్ళీ పడిపోయే ప్రమాదం ఎక్కువ, నడక ఆలస్యమవుతుంది, ఆ తరువాతి నెలల్లో మరణించే అవకాశం కూడా ఎక్కువే. పూటకు రెండు నిమిషాలను ఈ లెక్కతో పోల్చి చూసుకోవాలని ఆసుపత్రులు నడిపేవారికి నా మనవి.

చివరగా డిశ్చార్జి కాగితం గురించి. ఏ ప్లేటు వేశారు, ఎన్ని స్క్రూలు బిగించారు అన్నది అందులో పూసగుచ్చినట్టు ఉంటుంది, మతి తప్పిన నాలుగు రోజుల ఊసు ఉండదు. డెలీరియం వచ్చిందని, ఎప్పుడు మొదలైందో, కారణాలేమిటని తేలిందో, ఇంటికి వెళ్ళేనాటికి ఎలా ఉందో రాయాలి. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ గనుక రెండో తుంటి విరిగి వస్తే ఆనాటి మత్తు డాక్టరుకు ఇది తెలియాలి. కొందరిలో కలత వారాల తరబడి, నెలల తరబడి మిగిలిపోతుంది కనుక కుట్లు విప్పడానికి వచ్చినప్పుడు, ఆ తరువాత కొన్ని నెలలకు, జ్ఞాపకశక్తిని మళ్ళీ చూడాలి. ఆ రోజుల్లో తాను అన్న మాటలు లీలగా గుర్తుండి సిగ్గుపడి ఎవరితోనూ చెప్పుకోని పెద్దవాళ్ళు ఉంటారు, అది జబ్బు చేయించిన పని అని వారితో ఒకరు కూర్చుని చెప్పాలి. వార్డులో రాత్రిళ్ళు ఇచ్చిన మత్తుమాత్ర ఏదైనా ఇంటికి రాసిస్తే, దాన్ని ఏ తేదీన ఆపాలో ఆ మాత్ర పేరు పక్కనే రాయాలి. ఆ తేదీ లేకపోవడం వల్ల నెలల తరబడి అది మింగుతూ, పగలంతా తూలుతూ మళ్ళీ పడిపోయి వచ్చినవారికి కూడా నేను మంచం వేశాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత నర్సు